టెంకాయ లేచి నిలబడ్డది, నీళ్లేమో పడలే
(పాఠకుల ప్రశ్నలు, సారు జవాబులు)

ఈసారి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు కలిపి సంచెడు అయినయి. పోయినసారి దిష్టి గురించి రాసినందుకు సగం మంది మెచ్చుకున్నరు, సగం మంది తిట్టిన్రు, ఒకాయనైతే రెండూ ఒకే ఉత్తరంల కానిచ్చిండు. పేర్లు వేయట్లే, ఊర్లు మాత్రం వేస్తున్న. ముప్పై ఏండ్లు ఫిజికల్ సైన్స్ చెప్పిన నోరు కాబట్టి అక్కడక్కడ పాఠం లెక్క అనిపిస్తే ఓర్చుకోండి.

ప్రశ్న: సార్, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంల లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దున్నుంచి సాయంత్రం దాక జరగకుండ ఒక్కతాన్నే ఉంటది కదా. మా అమ్మ దేవుని మహిమ అంటది, మా ఫ్రెండేమో డిఫ్రాక్షన్ (అంచు కాడ వెలుతురు వంగుడు) అంటడు. ఇద్దరిట్ల ఎవరు కరెక్ట్? (డిగ్రీ విద్యార్థి, నల్గొండ)

నీడ జరగదన్నది మాత్రం నిజం, అందుల డౌట్ పెట్టుకోకు. నేను బడిల ఉన్నప్పుడు తొమ్మిదో తరగతి పిల్లల్ని తోలుకపోయి పొద్దున తొమ్మిది నుంచి నాలుగింటి దాక అక్కడ్నే కూసోబెట్టిన, పులిహోర డబ్బాలు తెచ్చుకున్నరు, గంటకోసారి ఇద్దరు లోపలికి పోయి నీడ ఎక్కడున్నదో చూసొచ్చి నోట్‌బుక్‌ల రాసుడు, ఇంకో ఇద్దరు బయట మన్నుల పాతిన కట్టె నీడ స్కేలు పెట్టి కొలుసుడు. కట్టె నీడ పడమటి దిక్కు నుంచి తూర్పు దిక్కు తిరిగింది, నడిమిట్ల చిన్నగయింది, మల్ల సాగింది. లోపల నీడ ఉన్నకాడ్నే ఉన్నది. కాబట్టి మీ అమ్మ చూసింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్.

ఇగ కారణం. సూర్యుడు జరిగితే నీడ జరగాలె అని మనం ఎందుకనుకుంటం? ఎండ నేరుగ పడితే జరుగుతది కాబట్టి. కానీ ఆ గర్భగుడిలోకి ఎండ నేరుగ రాదు. అది మూడు గర్భగుళ్ల గుడి, 11-12 శతాబ్దాలల్ల కందూరు చోడుల కాలంల కట్టింది, మూడింటికీ నడుమ మండపం ఒక్కటే. లోపలికొచ్చేది ఆకాశం వెలుతురు, నేల మీద పడి ఎగిరొచ్చే వెలుతురు, అది మండపం ఖాళీల్లోంచి వస్తది, స్తంభాలు అడ్డం పడతయ్, గోడ మీద నీడ పడతది. సూర్యుడు జరుగుతడు గానీ ఖాళీలు జరగవు కదా, స్తంభాలు జరగవు కదా. మరి నీడ ఎట్ల జరుగుతది? వెలుతురు ఎక్కువ తక్కువైతే నీడ చిక్కగయితది, పల్చగయితది, గంతే.

ఇంట్ల చేసి చూడొచ్చు. ఉత్తరం దిక్కు ఒక్కటే కిటికీ ఉన్న అర్రల తలుపు మూసి, కిటికీకి గోడకు నడిమిట్ల ఒక స్టూల్ మీద పొడుగు సీసా పెట్టు. గోడ మీద పడే మసక నీడ చుట్టూ చాక్‌పీస్‌తోటి గీసి సాయంత్రం వచ్చి చూడు.

మీ ఫ్రెండ్ చెప్పే డిఫ్రాక్షన్ యూట్యూబ్ల మస్తు తిరుగుతుంది. వెలుతురు అల పొడవు మిల్లీమీటర్‌ల రెండువేల వంతు, అడుగు మందం రాతి స్తంభం కాడ అది వంగితే ఎంత వంగుతది, కంటికి ఆనదు. పెద్ద ఇంగ్లీష్ మాట పెడితే వివరణ అయినట్టు కాదు నాయనా, ఒక్కోసారి అది కూడా మహిమ అన్నట్టే.

ప్రశ్న: మా చేనుల టెంకాయ పట్టేటాయనతోటి బోరు పాయింట్ పెట్టిస్తే రెండించుల నీళ్లు పడ్డయ్. పక్క చేనాయన వేలకు వేలు ఇచ్చి మిషన్ పెట్టే జియాలజిస్ట్‌ని తెస్తే దుమ్ము లేసింది. సైన్స్ సైన్స్ అంటరు గదా, దీనికేం చెప్తరు? (రైతు, మర్రిగూడ మండలం)

మీకు నీళ్లు పడ్డయ్, సంతోషం, మొదలు ఆ బోరును కాపాడుకోండి. నాకు ఈ ప్రశ్న కొత్త కాదు, ఒంటి మీద వాత ఉన్నది. ఇరవై ఏండ్ల కింద మా తమ్ముని చేనుల మూడు బోర్లు ఏసినం. మొదటి రెండు టెంకాయ పాయింట్లు, మూడోది మిషన్ పాయింట్. మూడిట్లనూ దుమ్మే. మూడోది ఏస్తున్నప్పుడు మా అమ్మ బోరు బండి కాడ్నే కొంగు నోట్ల పెట్టుకుని నిలబడ్డది, రాడ్డు మీద రాడ్డు దిగుతుంటే ఫీటు ఫీటుకు పైసలు లెక్క పెట్టుకుంటున్నం, తెల్ల పిండి లెక్క దుమ్ము లేసి అందరి నెత్తుల మీద పడ్డది, ఆ రాత్రి ఇంట్ల ఎవ్వలూ బువ్వ తినలే. కాబట్టి జియాలజిస్ట్ తరఫున వకాల్తా తీసుకుని మాట్లాడుతున్ననని అనుకోకండి.

టెంకాయ సంగతి చెప్తా. ఆయన అరచేతిల అడ్డం పెట్టుకున్న టెంకాయ నీళ్లున్న జాగకు రాంగనే లేచి నిలబడుతది. అది నిజంగనే లేస్తది, నేను పట్టుకున్నప్పుడు కూడా లేసింది! తుమ్మ చెట్టు కాడికి పోయేసరికి చేతిల ఏదో గుంజినట్టయి పిలక పైకి తిరిగింది, నాకు ఒళ్లు జల్లుమన్నది. ఆయన మోసం చేస్తుండు అనేటోళ్లతోటి నేను ఒప్పుకోను, చానా మంది పాయింట్ చూసేటోళ్లు నమ్మే చేస్తరు.

కానీ లేపింది ఏంది? దీనికి ఒక పాత కథ ఉన్నది. 1853ల లండన్ల జనం బల్ల చుట్టూ కూసుని చేతులు ఆనిస్తే బల్ల దానంతటదే తిరిగేది, ఆత్మలు తిప్పుతున్నయని ఊరంతా గోల. మైకేల్ ఫారడే, మన కరెంటు మోటర్లకు మూలపురుషుడు, ఆయన ఎవర్నీ తిట్టలే, ఎగతాళి చేయలే. చేతులకు బల్లకు నడుమ అట్టముక్కలు మెత్తటి జిగురుతోటి ఒకదాని మీద ఒకటి పెట్టిండు. బల్ల తిరిగినంక తీసి చూస్తే పైన ఉన్న అట్టలు ముందుగాల జరిగినయ్, అంటే చేతులే నూకినయ్, బల్ల తర్వాత తిరిగింది. మల్ల చేతులు ఏ మాత్రం నూకినా ఊగి చూపెట్టే గడ్డిపోచ ముల్లు ఒకటి పెట్టి, దాన్ని చూసుకుంట కూసోండి అన్నడు. బల్ల ఆగిపోయింది. వాళ్లు అబద్ధమాడలే, చేతులు నూకుతున్న సంగతి వాళ్లకే ఎరుక లేదు. అంతకు ముందేడు 1852ల విలియం కార్పెంటర్ అనే డాక్టర్ దీనికే ఐడియోమోటర్ అని పేరు పెట్టిండు, మనసుల అనుకున్నది చేతికి తెల్వకుండ దిగుడు అన్నట్టు. తుమ్మ చెట్టు కాడ నీళ్లుంటయని నాకు చిన్నప్పటి నుంచి లోపల ఉన్నది, చేతికి అందింది.

జర్మనీల మ్యూనిక్ దగ్గర 1980ల చివర్ల ఇదే పని పెద్దగ చేసిన్రు. ఐదువందల మందిని చూసి అందుల మంచిగ పట్టేటోళ్లని 43 మందిని ఏరి, ఒక పెద్ద కొట్టం కింది అంతస్తుల నీళ్ల పైపును బండి మీద పెట్టి ఇటు అటు జరుపుతుంటే పై అంతస్తు నుంచి ఎక్కడున్నదో చెప్పాలె. కొందరు మస్తుగ చెప్పిన్రని మొదట రిపోర్ట్ ఇచ్చిన్రు, తర్వాత జిమ్ ఎన్‌రైట్ అనే ఆయన అవే లెక్కలు తిరగేస్తే, ఒకపాలి బాగ చెప్పినోళ్లే ఇంకోపాలి చెప్పలేకపోయిన్రని, గుడ్డిగ చెప్పినా గట్లనే వస్తదని తేలింది.

అయితే మరి మీకు నీళ్లెట్ల పడ్డయ్? మన కాడ కింద గ్రానైట్ బండ. పైన మన్ను, దాని కింద మొరం, దాని కింద పొడిపొడిగ అయిన రాయి, దాని కింద పగుళ్ల రాయి, ఇగ దాని కింద గట్టి బండ. నీళ్లు ఆ నడిమి పొరలల్లనే ఉంటయ్, నది లెక్క పారవు, పగుళ్లల్ల దాక్కుంటయ్. చౌటుప్పల్ కాడ హైదరాబాద్ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ వాళ్లు చానా ఏండ్లుగ బోర్లేసి ఈ పొరల మీదనే పరిశోధన చేస్తున్నరు. ఇప్పుడు లెక్క కోసం అనుకుందాం, మీ దిక్కు ఎక్కడ గుచ్చినా పదిట్ల ఆరు బోర్లు పడతయ్. అప్పుడు టెంకాయ పట్టినాయనకు ఆరు పడతయ్, కండ్లు మూసుకుని రాయి ఇసిరినోనికి కూడా ఆరే పడతయ్. పడ్డ ఆరు ఊరంతా చెప్పుకుంటరు, పడని నాలుగింటికి "మైల పడ్డది", "బండి డ్రైవర్ పాయింట్ మీద పెట్టలే, జానెడు పక్కకు పెట్టిండు" అంటరు. ఆ నాలుగు ఎవరి నోట్‌బుక్‌లనూ లేవు. టెంకాయ మీద నా పంచాయితీ అంతా గదే, ఆ నాలుగింటి గురించి.

ఇంకోటి కూడా ఉన్నది. మంచి పాయింటాయన టెంకాయ ఒక్కటే చూడడు. పుట్టలు ఎక్కడున్నయ్, ఏ చెట్టు ఎండకాలం కూడా పచ్చగున్నది, పక్క చేన్ల ఎన్ని ఫీట్లకు పడ్డయ్, వాగు ఎటు పోతది, అన్నీ చూసుకుంటనే నడుస్తడు. వరాహమిహిరుడు ఆరో శతాబ్దంల బృహత్సంహితల నీళ్ల జాడల మీద ఒక అధ్యాయమే రాసిండు, దాంట్ల పుట్టలు, చెట్ల గుర్తులు మస్తున్నయ్. అంటే ఆయన తలకాయల ఉన్న తెలివి టెంకాయ ఖాతాల పడుతుంది.

జియాలజిస్ట్ మిషన్ చేసేది ఏందంటే భూమిలోకి కరెంటు పంపి ఎంత అడ్డుకుంటదో కొలుస్తది. తడి ఉన్న పగుళ్ల రాయి తక్కువ అడ్డుకుంటది, కానీ జిగట మన్ను పొర కూడా తక్కువే అడ్డుకుంటది, మిషన్‌కు రెండూ ఒక్కతీరుగనే కనపడతయ్. అందుకే తప్పు పోతది. నిజాయితీ ఉన్న జియాలజిస్ట్ "గ్యారంటీ లేదు" అని ముందే చెప్తడు, పడకుంటే ఎందుకు పడలేదో రాసుకుంటడు. గ్యారంటీ ఇచ్చేటోడు మిషన్ పట్టుకున్నా టెంకాయ పట్టుకున్నా నాకు ఒక్కటే.

మీకు ఓపికుంటే ఒక పని చేయండి. మీ పాయింటాయన్ని బతిమిలాడి కండ్లకు తువ్వాల కట్టి, చెయ్యి పట్టుకుని అదే చేనుల పదిసార్లు వేర్వేరు దిక్కుల నుంచి తిప్పండి, టెంకాయ లేసినకాడల్ల ఒక రాయి పెట్టండి. పది రాళ్లు ఒక్కకాడ పడితే నాకు ఫోన్ చేయండి, బస్సెక్కి వస్తా, ఇదే పేజీల తప్పు ఒప్పుకుంట.

ప్రశ్న: హాస్టల్ల పండుకున్నప్పుడు తెల్లారుజామున మెలకువొస్తది కానీ కాలు చెయ్యి కదలవు, ఛాతి మీద ఎవరో కూసున్నట్టు ఉంటది, ఒకసారి తలుపు కాడ నల్లగ మనిషి కూడా కనపడ్డది. పక్క మంచం అమ్మాయి దయ్యం అదిమిందంటుంది. భయమైతుంది సార్. (ఇంటర్ విద్యార్థిని, మహబూబ్‌నగర్)

భయపడకు బిడ్డా, ఇది చానా మందికి ఒక్కసారన్న అయితది, నాకు కూడా అయింది. కలలొచ్చే నిద్రల మెదడు ఒంటికి తాళం వేస్తది, లేకుంటే కలల ఉరికినప్పుడల్లా మంచం మీద నుంచి పడతం. ఒక్కోసారి కండ్లకు మెలకువ ముందొస్తది, తాళం తీసుడు లేటయితది. ఆ నడుమ కల కూడా సగం నడుస్తనే ఉంటది కాబట్టి మనిషి కనపడతది, ఛాతి బరువనిపిస్తది. దీన్ని స్లీప్ పెరాలసిస్ అంటరు. సరిగ నిద్ర లేనప్పుడు, పరీక్షల టెన్షన్ ఉన్నప్పుడు, వెల్లకిల పండుకున్నప్పుడు ఎక్కువొస్తది. పక్కకు తిరిగి పండుకో, టైముకు పండుకో. మల్ల వస్తే ఒంటిని గుంజకు, కాలి బొటనవేలు ఒక్కటి కదపాలని చూడు, ఒకటి రెండు నిమిషాలల్ల దానంతటదే వదులుతది. వారంల రెండు మూడుసార్లు అయితే, పగలు కూడా నిద్ర ముంచుకొస్తుంటే డాక్టర్‌కు చూపెట్టు. పక్క మంచం అమ్మాయికి కూడా చెప్పు, రేపు ఆమెకయితది.

ప్రశ్న: ఉరిమినప్పుడు "అర్జునా, ఫల్గుణా" అంటే పిడుగు పడదా? (గృహిణి, కల్వకుర్తి)

పిడుగుకు చెవులు లేవమ్మా. కానీ ఆ పేర్లు చదువుడు ఇంకో రకంగ పనికొస్తది. మెరుపు కనపడంగనే మొదలు పెట్టి ఉరుము వినపడే దాక లెక్కపెట్టండి, శబ్దం మూడు సెకండ్లకు కిలోమీటర్ వస్తది. పది పేర్లు అయిపోకముందే ఉరిమితే పిడుగు ఊరి పొలిమేరల్నే ఉన్నట్టు. ముప్పై సెకండ్ల లోపల ఉరిమినా బయట ఉండొద్దు, ఇంట్లకు పోవాలె, చెట్టు కిందికి అస్సలు పోవద్దు. మన దిక్కు పత్తి చేన్లల్ల, గొర్ల మందల కాడ పిడుగులకు పోయేటోళ్లల్ల చెట్టు కిందికి ఉరికినోళ్లు మస్తు మంది.

ప్రశ్న: మా తాతది వంగిపోయిన నడుము, వంకర కాళ్లు. మా నాయనమ్మ చచ్చేదాక అది ఎవరిదో శాపం అనే నమ్మింది. నేను హైదరాబాద్ల సాఫ్ట్‌వేర్ చేస్తున్న, నాకు తెలుసు అది ఫ్లోరైడ్ అని. కానీ ఆమె నమ్మకాన్ని చూసి నవ్వాల్నా, ఏడ్వాల్నా సమజ్ కాదు. (ఒక పాఠకురాలు, సొంతూరు నల్గొండ జిల్లా నాంపల్లి మండలం)

నవ్వకమ్మా. మీ నాయనమ్మ ముందల ఏమున్నదో చూడు. నీళ్లకు రంగు లేదు, వాసన లేదు, రుచి తేడా లేదు. ఒకే బావి నీళ్లు అందరూ తాగిన్రు, కొందరికి పండ్లు గార పట్టినయ్, కొందరికి కీళ్లు పట్టినయ్, కొందరు పిల్లల కాళ్లు వంకర పోయినయ్, అది కూడా ఏండ్లకు ఏండ్లు తాగినంక. ఇయ్యాల తాగితే ఇరవై ఏండ్లకు వచ్చే రోగానికి నీళ్లే కారణమని ఎవరు పట్టగలరు? శాపం అన్నది ఆమెకు అందిన ఒక్కటే మాట.

ఇప్పుడు మనకు తెలిసింది కూడా ఊరికే తెల్వలే. మన దేశంల నీళ్ల ఫ్లోరైడ్‌తోటి ఎముకలు పాడయితున్నయని మొదటిసారి డాక్టర్లు రాసింది 1937ల, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీల, నెల్లూరు దిక్కు కేసులు చూసి. మన గ్రానైట్ రాళ్లల్లనే ఫ్లోరైడ్ ఉన్నది, నీళ్లు ఎంత లోతుల, ఎంత కాలం రాయిని ఆనుకుని ఉంటే అంత కరుగుతది. లీటర్‌కు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దంటరు, మన ఊర్లల్ల దానికి ఎన్నో రెట్లు ఉన్న బోర్లున్నయ్. నాగ్‌పూర్ నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్లు 1970లల్ల పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను కింద దించే పద్ధతి తయారుచేసి దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టిన్రు, ఆఫ్రికాల కూడా గదే పేరుతోటి వాడిన్రు. పుస్తకాలల్ల మన జిల్లా పేరు అట్ల ఎక్కింది, గొప్పనో బాధనో మీరే చెప్పండి. తర్వాత కృష్ణా నీళ్లొచ్చినయ్. అయితే కారణం దొరికిన రోజు నుంచి నీళ్లు ఇంటికొచ్చే దాక నడిచిన ఏండ్లు చూస్తే మాత్రం నాకు శాపం మీద కాదు, వేరేటోళ్ల మీద కోపమొస్తది.

ప్రశ్న: 2020ల మా దిక్కు రోజూ భూమిల నుంచి బాంబులు పేలినట్టు సప్పుడొచ్చేది, ఇంట్ల గిన్నెలు కదిలేటివి. కొందరు క్వారీ అన్నరు, కొందరు డ్యామ్ అన్నరు, కొందరు గ్రామదేవతకు కోపమొచ్చిందని బోనాలు తీసిన్రు. అసలు ఏంది అది? (వ్యాపారి, హుజూర్‌నగర్)

చింతలపాలెం, మేళ్లచెరువు దిక్కు చిన్న చిన్న భూకంపాలవి, వరుసగ నెలల తరబడి వచ్చినయ్. 2020 జనవరి 26 తెల్లారుజామున వచ్చింది పెద్దది, 4.6. ఎన్‌జీఆర్ఐ వాళ్లు అక్కడ్నే మిషన్లు పెట్టి కొలిచిన్రు. సప్పుడు ఎందుకంటే, కింద ఎక్కువ లోతుల కాకుండ పైపైన్నే రాయి జారితే ముందొచ్చే అలలు మన చెవికి వినపడేంత వేగంగ ఊగుతయ్, గట్టి బండ వాటిని మధ్యల చంపకుండ పైకి తెస్తది, నేల డోలు తోలు లెక్క గాలిని కొడుతది. మెత్తటి మన్ను ఉన్నకాడ అదే భూకంపం సప్పుడు లేకుండ వస్తది.

పులిచింతల డ్యామ్ నీళ్ల బరువుకు, ఆ పాత పగుళ్లకు ఎంత సంబంధం అన్నదాని మీద వాదనలు నడిచినయ్. క్వారీ అన్నోళ్లకు కారణం ఉన్నది, ఎందుకంటే పేలుడు సప్పుడు లెక్కనే ఉన్నది కదా. అయితే క్వారీ పేలుడు పగలు టైము ప్రకారం వస్తది, ఇది అర్ధరాత్రి రెండున్నరకు వచ్చింది. బోనాలు తీసినోళ్లను నేనేమన్న, ఆ రాత్రులు ఊరంతా చలిల బయట పండుకున్నది, ఒక్కకాడ కూడి ఏదో ఒకటి చేస్తే ధైర్యమొచ్చింది. బోనం ఎత్తి వచ్చినంక పగిలిన గోడ కింద పండుకోకుంటే సాలు.

ప్రశ్న: మీరు ప్రతి దానికి సైన్స్ సైన్స్ అంటరు. సైన్స్‌కు అన్నీ తెల్సా? చెరువు శిఖంల కొరివి దయ్యాలు మా తాతలు చూసిన్రు, వాళ్లంత అబద్ధాలకోర్లా? (రిటైర్డ్ ఉద్యోగి, నాగర్‌కర్నూల్)

అన్నా, మీ తాతలు అబద్ధమాడలే, నేను కూడా చూసిన. పదకొండేండ్లున్నయేమో, మా తాతతోటి వరి మడికి నీళ్లు పెట్టనీకి రాత్రి పోయినం, చెరువు అలుగు అవతల తుంగల మోకాలెత్తున నీలంగ ఒక వెలుతురు, దీపం లెక్క కాదు, ఆవిరికి రంగేసినట్టు, లేసింది, అటు జరిగింది, ఆరింది. మా తాత బీడీ నేలకు రాసి "వెనుకకు చూడకుండ నడువు" అన్నడు. నడిసిన. ఇంటికి పోయే దాక ఆయన ఒక్క మాట మాట్లాడలే.

సైన్స్ దీని గురించి చెప్పేది ఏందంటే, చిత్తడిల ఆకులు, చచ్చిన జీవాలు కుళ్లి మీథేన్ పుడుతది, దానితోటి ఫాస్ఫీన్ లాంటి గ్యాసులు కలిస్తే అంటుకోవచ్చు అని. అయితే మనుషులు చెప్పే ఆ సల్లటి నీలి వెలుతురును ఉన్నదున్నట్టు తిరిగి పుట్టించుడు కష్టమయింది, అంటుకునేది దేనివల్ల అన్నదాని మీద పంచాయితీ చానా ఏండ్లు నడిచింది. చెరువులు ఎండుడు, చిత్తడ్లు పూడుసుడు, కరెంటు లైట్లొచ్చుడు, ఇప్పుడు చూద్దామన్నా కనపడవు.

సైన్స్‌కు అన్నీ తెల్సని అనేటోడు సైన్స్ చదువలే. ఆకాశం నుంచి రాళ్లు పడతయని రైతులు వందల ఏండ్లు మొత్తుకున్నరు, చదువుకున్నోళ్లు నవ్విన్రు. 1768ల ఫ్రాన్స్ల లూసే కాడ పొలంల రాయి పడితే పారిస్ సైన్స్ అకాడమీ పంపిన పెద్దమనుషులు, అందుల పేరున్న కెమిస్ట్రీ శాస్త్రవేత్త లావోయిజర్ కూడా ఉన్నడు, పరీక్ష చేసి ఇది నేల మీది రాయే, పిడుగు కొట్టిందేమో అన్నరు. 1794ల క్లాడ్ని అనే జర్మన్ ఆయన ఈ రాళ్లు అంతరిక్షం నుంచే వస్తున్నయని పుస్తకం రాస్తే ఎవరూ సరిగ పట్టించుకోలే. 1803 ఏప్రిల్ 26న ల్యాగిల్ అనే ఊరి మీద వేల రాళ్లు పడ్డయ్. అప్పుడు బియో అనే కుర్ర శాస్త్రవేత్త ఊరూరు తిరిగి, రైతుల్ని ఒక్కొక్కర్ని అడిగి, ఏ రాయి ఎక్కడ పడ్డదో పటం గీసి పారిస్‌కు తీసుకపోయిండు. అప్పుడు ఒప్పుకున్నరు. బంతి పిడుగు, అంటే ఉరుముల వానప్పుడు గాలిల తేలే గుండ్రటి వెలుతురు ముద్ద, అది కూడా అంతే, చూసినోళ్లను పిచ్చోళ్లన్నరు, 2012ల చైనాల మామూలు పిడుగుల మీద పరిశోధన చేస్తున్న వాళ్ల కెమెరాకు అనుకోకుండ చిక్కింది, దాని వెలుతురుల మన్నుల ఉండే సిలికాన్, ఇనుము, కాల్షియం గీతలు కనపడ్డయని 2014ల రాసిన్రు. అది ఎందుకు అంతసేపు నిలబడుతది అన్నది ఇంకా తెగలే.

కాబట్టి మీ తాత కండ్లను నేను అనుమానించను. "చూసిన" అన్న మాట ఒకటి, "అది దయ్యం" అన్న మాట ఇంకోటి, నాకు పేచీ రెండోదాని కాడ్నే. ఏలూరుల 2020 డిసెంబర్ల వందల మంది ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు ఢిల్లీ ఎయిమ్స్ రక్తంల సీసం, నికెల్ అన్నది, వేరే సంస్థలు పురుగుమందు అన్నయ్, జనం తికమక పడ్డరు. అంతా ఒక్కటే మాట చెప్తే బాగుండు అనిపిస్తది నిజమే, కానీ ఎవరు ఏ శాంపిల్ చూసి ఏమన్నరో బయట పెట్టుకుని కొట్లాడుకున్నరు, నాకు అదే ధైర్యం. అదే మన ఊర్ల ఒక పిలగాడు జ్వరంతోటి పోతే పంచాయితీ పెట్టకుండనే "ఫలానా ముసలామె బాణామతి చేసింది" అని తేల్చేస్తరు, ఆమె పండ్లు రాలగొట్టిన ఊర్లున్నయ్, ప్రాణం తీసిన ఊర్లున్నయ్. కొరివి దయ్యం గురించి మీరూ నేను పొద్దుపోయే దాక వాదులాడుకోవచ్చు అన్నా, ఎవరికీ నష్టం లేదు. దీని కాడ మాత్రం నేను నవ్వుకుంట ఊకోను.

ప్రశ్న: సార్, మా ఊరికి వచ్చిన స్వామి నిమ్మకాయ కోస్తే రక్తం వచ్చింది. మా ఇంటి మీద చేతబడి ఉన్నదని ఐదు వేలు అడిగిండు. ఎట్ల చేసిండు? నేను కూడా చేయొచ్చా? (ఎనిమిదో తరగతి, అచ్చంపేట)

చేయొచ్చు, ఐదు వేలు లేకుండనే. ఎర్ర మందారం పూలు మూడు నాలుగు తీసుకో, ముద్దది కాదు, ఐదు రెక్కలది. స్టీలు కత్తికి రెండు దిక్కులా రెక్కలు బాగ రుద్దు, సారం పట్టి నల్లగ, ఊదగ అయితది, నీడకు ఆరబెట్టు. ఆరినంక చూస్తే కత్తి కొద్దిగ మురికిగున్నట్టే ఉంటది, దూరం నుంచి ఎవరూ గుర్తుపట్టరు. ఇప్పుడు రసం ఎక్కువున్న నిమ్మకాయ మెల్లగ కొయ్యి. నిమ్మరసంల పులుపు, అదే ఆమ్లం, మందారం రంగును ఎర్రగ మారుస్తది, కారుతుంటే రక్తం లెక్కనే ఉంటది. మీ స్వామి మందారమే వాడిండో, ల్యాబుల దొరికే మిథైల్ ఆరెంజ్ రాసిండో నేను చూడలే, రెండూ ఒక్కతీరుగనే పనిచేస్తయ్.

ఇంకోటి కూడా చేసి చూపెట్టు. తెల్లబట్ట మీద పసుపు నీళ్లు రాసి ఆరబెట్టి, దాని మీద సున్నం తేట రాసిన చేతిని ఒత్తితే రక్తపు చెయ్యి అచ్చు పడతది. సున్నం కండ్లల్ల పడనీయకు, అయినంక చేతులు కడుక్కో, మీ సైన్స్ టీచర్‌ను పక్కన పెట్టుకుని చెయ్యి. ముందు మీ నాయనకు చూపెట్టు, ఆ స్వామి మల్ల పైసలకు వచ్చేలోపే. కత్తి మాత్రం సబ్బుతోటి కడిగి అమ్మకు ఇయ్యి, లేకుంటే రాత్రి కూరల రక్తమొచ్చిందని ఇల్లంతా లేస్తది.